పాత హత్య కేసుల ఛేదన

హత్య జరిగిన కొత్తలో సాగిన దర్యాప్తులో హంతకుడెవరో తేలక, కొత్త ఆధారం దొరికే దారీ కనిపించక పోలీసులు పక్కన పెట్టిన కేసును కోల్డ్ కేసు అంటారు. ఏళ్లు గడిచాక దాన్ని మళ్లీ తెరిచి, నాటి వస్తువులను నేటి పద్ధతులతో పరీక్షించి, నేరం జరిగిన తీరును తిరిగి విశ్లేషించి నిందితుణ్ణి గుర్తించడమే పాత కేసుల ఛేదన. ఇందులో రెండు విద్యలు కలుస్తాయి. ఒకటి ఫోరెన్సిక్ శాస్త్రం. రక్తం, వీర్యం, వెంట్రుక, వేలిముద్ర, తూటా వంటి భౌతిక ఆనవాళ్లు దాని పరిధిలోకి వస్తాయి. రెండోది క్రిమినల్ ప్రొఫైలింగ్. నేరస్థుడు ఏం చేశాడు, ఎలా చేశాడు, ఎక్కడ చేశాడు అన్నదాన్ని బట్టి అతని వయసు, అలవాట్లు, వృత్తి, నివాస ప్రాంతం వంటివి అంచనా కట్టడం దాని పని. రెండింటి బరువు సమానం కాదు. ఏయే కేసులను కలిపి చూడాలో, ఎక్కడ వెతకాలో ప్రొఫైలింగ్ సూచించగలదు. ఫలానా మనిషే అని కోర్టులో నిలబెట్టేది భౌతిక సాక్ష్యం.

నిర్వచనం, పరిధి

ఎన్నేళ్లు దాటితే కేసు పాతబడినట్టో చెప్పే ఏకైక ప్రమాణం లేదు. ఒక్కో పోలీసు విభాగం ఒక్కో గడువు పెట్టుకుంటుంది. మొదటి దర్యాప్తు అధికారి బదిలీ కావడమో రిటైర్ కావడమో జరిగి, ఫైలు కదలకుండా పడి ఉండటమే వాడుకలో దీని లక్షణం. భారతదేశంలో ఇలాంటి కేసులు సాధారణంగా నేరం నిజమే గాని నేరస్థుడి ఆచూకీ తెలియలేదన్న తుది నివేదికతో ఆగిపోతాయి. అంతమాత్రాన కేసు చట్టప్రకారం చచ్చిపోదు. కొత్త ఆధారం దొరికితే తదుపరి దర్యాప్తు జరిపే అధికారం పోలీసులకు ఉంటుంది.

హత్యకు కాలపరిమితి లేకపోవడం ఈ రంగానికి పునాది. భారత చట్టంలో కాలపరిమితి గరిష్ఠంగా మూడేళ్ల జైలు శిక్ష పడే నేరాల వరకే వర్తిస్తుంది. హత్య అందులోకి రాదు. అమెరికా, బ్రిటన్‌లలోనూ హత్య కేసు ఎప్పుడైనా నడపవచ్చు. అయితే హత్యతో పాటు జరిగిన ఇతర నేరాలకు గడువు తీరిపోవచ్చు. కింద వివరించిన కాలిఫోర్నియా కేసులో అదే జరిగింది.

చారిత్రక నేపథ్యం

చూడండి: వేలిముద్రలు; డీఎన్‌ఏ పరీక్ష

భౌతిక ఆనవాలుతో హంతకుణ్ణి పట్టుకునే పద్ధతి వేలిముద్రలతో మొదలైంది. 1892లో అర్జెంటీనాలోని నెకోచియాలో ఇద్దరు పిల్లల హత్య జరిగింది. తలుపు చట్రం మీద నెత్తుటితో పడిన బొటనవేలి ముద్ర వాళ్ల తల్లిదేనని తేలింది. హువాన్ వుసెటిచ్ రూపొందించిన వర్గీకరణకు దక్కిన తొలి పెద్ద విజయం అది. ప్రపంచంలో తొలి వేలిముద్రల కార్యాలయాల్లో ఒకటి 1897లో కలకత్తాలో ఏర్పడింది. ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో చలామణీ అయిన వర్గీకరణ వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ అధికారుల శ్రమ ఉంది. జల్పాయ్‌గురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య జరిగినప్పుడు, అక్కడ దొరికిన పంచాంగం మీది ముద్ర పాత నేరస్థుడొకడి ముద్రతో సరిపోయింది. కోర్టు అతనికి దొంగతనానికి శిక్ష వేసి, హత్యారోపణ నుంచి విడిచిపెట్టింది. మనిషి అక్కడికి వచ్చాడని ముద్ర చెబుతుంది, ఏం చేశాడో చెప్పదు. ఈ తేడా నేటి డీఎన్‌ఏ సాక్ష్యానికీ వర్తిస్తుంది.

డీఎన్‌ఏ శకం 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆరంభమైంది. అలెక్ జెఫ్రీస్ అక్కడ మనిషికీ మనిషికీ మధ్య తేడా చూపే డీఎన్‌ఏ చారలను గుర్తించాడు. అదే కౌంటీలో 1983లో, 1986లో ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారు. రెండో హత్య తానే చేశానని పదిహేడేళ్ల కుర్రాడు ఒప్పుకున్నాడు. జెఫ్రీస్ పరీక్షలో రెండు హత్యలూ ఒకే వ్యక్తి పని అని, ఆ వ్యక్తి ఈ కుర్రాడు కాడని తేలింది. ఆ తరవాత పోలీసులు చుట్టుపక్కల ఊళ్ల మగవారు సుమారు 5,000 మంది నుంచి నమూనాలు తీసుకున్నారు. కాలిన్ పిచ్‌ఫోర్క్ తన బదులు తోటి ఉద్యోగిని పంపాడు. ఆ సంగతి ఒక పబ్‌లో మాటల్లో బయటపడి 1987లో అరెస్టయ్యాడు, 1988 జనవరిలో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. హత్య దర్యాప్తులో డీఎన్‌ఏ తొలి వినియోగం ఒక నిర్దోషిని విడిపించడంతో మొదలైంది.

తొలి పరీక్షలకు కంటికి కనిపించేంత రక్తపు మరక కావలసి వచ్చేది. క్యారీ ములిస్ 1983లో రూపొందించిన పీసీఆర్ పద్ధతి అతి తక్కువ డీఎన్‌ఏను లక్షల రెట్లు పెంచే వీలు కల్పించింది. దాంతో పాత మరకలకు మళ్లీ విలువ వచ్చింది. 1995లో బ్రిటన్, 1998లో అమెరికా జాతీయ డీఎన్‌ఏ నిధులను ప్రారంభించాయి. అనుమానితుడు లేకపోయినా నమూనాను నిధిలో వేసి వెతకడం అప్పుడే సాధ్యమైంది.

ప్రొఫైలింగ్ చరిత్ర డీఎన్‌ఏ పరీక్ష కన్నా పాతది, దానంత గట్టిది కాదు. 1888లో లండన్‌లో 'జాక్ ద రిప్పర్' హత్యలు జరిగినప్పుడు థామస్ బాండ్ అనే వైద్యుడు గాయాలను బట్టి హంతకుడి స్వభావం మీద ఒక నోట్ రాశాడు. 1956లో న్యూయార్క్ మానసిక వైద్యుడు జేమ్స్ బ్రస్సెల్, నగరంలో ఏళ్ల తరబడి బాంబులు పెడుతున్న వ్యక్తి గురించి వివరమైన వర్ణన ఇచ్చాడు. మరుసటి ఏడాది జార్జ్ మెటెస్కీ దొరికినప్పుడు ఆ వర్ణన చాలావరకు సరిపోయిందని పేరొచ్చింది. అసలు ఆచూకీ మాత్రం అతను పూర్వం పనిచేసిన విద్యుత్ సంస్థ పాత ఫైళ్లలో దొరికింది. 1972లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ క్వాంటికోలో ప్రవర్తన విజ్ఞాన విభాగాన్ని పెట్టింది. రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ జైళ్లలో 36 మంది నేరస్థులను ఇంటర్వ్యూ చేశారు. ఆన్ బర్జెస్ ఆ పనికి పరిశోధన క్రమం కల్పించింది. బ్రిటన్‌లో డేవిడ్ కాంటర్ 1980ల మధ్యలో రైల్వే స్టేషన్ల దగ్గర జరిగిన దాడుల కేసులో జాన్ డఫీని పట్టుకోవడానికి సాయపడి, గణాంకాల మీద ఆధారపడే దర్యాప్తు మనస్తత్వ శాస్త్రానికి నాంది పలికాడు.

సాక్ష్యాల రకాలు

పాత కేసుల్లో ఎక్కువగా పనికొచ్చేది ఎస్‌టీఆర్ డీఎన్‌ఏ పరీక్ష. డీఎన్‌ఏలో కొన్ని చోట్ల చిన్న చిన్న తునకలు వరసగా పునరావృతమవుతాయి. ఎన్నిసార్లన్నది మనిషిని బట్టి మారుతుంది. అమెరికా నిధి 2017 నుంచి ఇలాంటి 20 స్థానాలను లెక్కలోకి తీసుకుంటోంది. అన్నీ సరిపోతే, ఏకరూప కవలలను మినహాయిస్తే, యాదృచ్ఛికంగా మరొకరితో కలిసే అవకాశం అత్యల్పం. స్త్రీ, పురుషుల కణాలు కలిసిపోయిన నమూనాలో పురుషుడి వంతును విడదీయడానికి వై క్రోమోజోమ్ పరీక్ష వాడతారు. తండ్రి నుంచి కొడుక్కు దాదాపు మారకుండా వచ్చే క్రోమోజోమ్ కాబట్టి అది వంశాన్ని చూపుతుంది, వ్యక్తిని కాదు. కుదురు లేని వెంట్రుక, ఎముక వంటి వాటికి తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ ఉపయోగపడుతుంది.

వేలిముద్రలకూ కంప్యూటర్ వెతుకులాటతో కొత్త ఊపిరి వచ్చింది. కార్డులు చేత్తో తిరగేసే రోజుల్లో అనుమానితుడి పేరు లేకుండా ముద్రను పోల్చడం దాదాపు అసాధ్యం. తూటాలు, రంగు రేణువులు, దారపు పోగులు, చేతిరాత, డిజిటల్ జాడలు కూడా పాత కేసులను తేల్చాయి. అమెరికాలోని విచిటాలో 1974-1991 మధ్య 10 మందిని చంపిన డెనిస్ రేడర్ 2004లో మళ్లీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. తరవాత అతను పంపిన ఫ్లాపీ డిస్కులో చెరిపేసిన ఫైలు వివరాల్లో ఒక చర్చి పేరు, 'డెనిస్' అన్న పేరు దొరికాయి. కూతురి వైద్య నమూనాతో డీఎన్‌ఏ సరిచూసి 2005 ఫిబ్రవరిలో అతణ్ణి అరెస్టు చేశారు.

వంశవృక్ష పద్ధతి

నేరస్థుడి డీఎన్‌ఏ పోలీసు నిధిలో లేకపోతే ఎస్‌టీఆర్ పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. 2018 నుంచి వ్యాప్తిలోకి వచ్చిన వంశవృక్ష పద్ధతి ఈ ఆటంకాన్ని దాటింది. ఇందులో లక్షల స్థానాల్లో డీఎన్‌ఏ అక్షరాల తేడాలు చదివి, తమ పూర్వీకుల గురించి తెలుసుకోవడానికి మామూలు జనం డీఎన్‌ఏ వివరాలు ఉంచిన నిధులతో పోలుస్తారు. ఇద్దరి ముత్తాతలు అన్నదమ్ములైతే వారి డీఎన్‌ఏలో ఉమ్మడి భాగం సగటున ఒక శాతం కూడా ఉండదు. అయినా యంత్రం దాన్ని పట్టుకుంటుంది. ఆ దూరపు చుట్టాల నుంచి ఉమ్మడి పూర్వీకుల దాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి పుట్టుక, పెళ్లి, చావు రికార్డులు, జనగణన పత్రాలు, పత్రికల సంతాప ప్రకటనలు తిరగేస్తూ ముందుకు వచ్చి, సరైన వయసులో సరైన చోట ఉన్న మగవాళ్ల జాబితా తీస్తారు. జాబితా ఆధారంగా ఎవరినీ దోషిగా నిలబెట్టరు. అనుమానితుడి డీఎన్‌ఏను విడిగా సేకరించి, నేరస్థలంలో దొరికిన దానితో ఎస్‌టీఆర్ పద్ధతిలో సరిచూడాలి. 1987లో వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిన జంట హత్యల కేసులో విలియం టాల్బట్ 2019 జూన్‌లో దోషిగా తేలాడు. ఈ పద్ధతితో గుర్తించిన వ్యక్తిని జ్యూరీ దోషిగా తేల్చిన తొలి కేసు అది.

ప్రొఫైలింగ్ పద్ధతులు

చూడండి: దర్యాప్తు మనస్తత్వ శాస్త్రం

ఎఫ్‌బీఐ పద్ధతి నేరస్థలాన్ని చదివి మనిషిని ఊహిస్తుంది. అక్కడ పథకం ప్రకారం జరిగిన పనుల జాడ ఉందా, అప్పటికప్పుడు చెలరేగిన ఆవేశం జాడ ఉందా అన్నది దాని తొలి విభజన. కాంటర్ పద్ధతి అనుభవజ్ఞుల ఊహ కన్నా, తేలిన కేసుల గణాంకాలకు ప్రాధాన్యమిస్తుంది. మూడోది భౌగోళిక ప్రొఫైలింగ్. వాంకూవర్ పోలీసు అధికారి కిమ్ రోస్మో 1990ల్లో దీనికి గణిత రూపమిచ్చాడు. వరస నేరాలు చేసేవాడు ఇంటికి మరీ దగ్గర్లో చేయడు, మరీ దూరమూ పోడు అన్న పరిశీలన మీద అది నడుస్తుంది. ఘటనా స్థలాలను పటం మీద గుర్తించి, నివాసం ఉండగల ప్రాంతాలకు సంభావ్యత లెక్కకడుతుంది.

పాత కేసుల్లో ఈ మూడింటికన్నా ఎక్కువ ఉపయోగం కనిపించేది వేరే పనిలో: వేర్వేరు పోలీస్ స్టేషన్ల పరిధిలో జరిగిన నేరాలు ఒకడి పనేనా అని తేల్చడంలో. నేరం సాగడానికి అవసరమైన పనులు కాలంతో పాటు మారతాయి. అవసరం లేకున్నా నేరస్థుడు చేసే పనులు అంత తొందరగా మారవు. ఎఫ్‌బీఐ 1985లో ప్రారంభించిన వైక్యాప్ వ్యవస్థ ఇలాంటి పోలికల కోసమే పుట్టింది.

పునర్దర్యాప్తు జరిగే క్రమం

మొదట ఫైలు మొత్తం చదవాలి. అంటే పంచనామా, పోస్టుమార్టం నివేదిక, సాక్షుల వాంగ్మూలాలు, అప్పట్లో విని వదిలేసిన సమాచారం అన్నీ. చాలా కేసుల్లో హంతకుడి పేరు తొలి ఫైల్లోనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోని పేజీలో. ఆ తరవాత అప్పటి వస్తువులు ఎక్కడున్నాయో వెతకాలి. పైకి మామూలుగా కనిపించే ఈ దశలోనే అత్యధిక కేసులు ఆగిపోతాయి. వస్తువు పోవడం, తడవడం, ప్లాస్టిక్ సంచిలో కట్టడం వల్ల బూజు పట్టడం, ఎవరెవరి చేతులు మారిందో రాసిన పత్రం లేకపోవడం మామూలు. రక్తపు మరకలున్న గుడ్డను ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలన్నది చిన్న నియమం, ముప్పయ్యేళ్ల తరవాత కేసు దాని మీదే నిలుస్తుంది.

మిగిలిన నమూనా కొంచెమే అయితే దేన్ని పరీక్షించాలో, దేన్ని భవిష్యత్తుకు దాచాలో నిర్ణయించాలి. పరీక్ష నమూనాను తినేస్తుంది. 1980ల్లో అమెరికాలోని గ్రీన్ రివర్ హత్యల దర్యాప్తు అధికారులు ఇలాగే ఎదురుచూశారు. గ్యారీ రిడ్జ్‌వే నుంచి 1987లో తీసుకున్న లాలాజల నమూనాను దాచి ఉంచారు. 2001లో పీసీఆర్ పరీక్ష అతణ్ణి పట్టించింది. 2003లో 48 హత్యలు ఒప్పుకున్నాడు.

కాలం సాక్షులను దూరం చేస్తుంది గాని, కొందరి నోళ్లు విప్పుతుంది కూడా. అప్పట్లో భయంతోనో బంధుత్వంతోనో మౌనంగా ఉన్న భార్య, స్నేహితుడు, తోటి ఖైదీ, సంబంధాలు చెడ్డాక మాట్లాడిన సందర్భాలున్నాయి.

ప్రముఖ కేసు: గోల్డెన్ స్టేట్ కిల్లర్

కాలిఫోర్నియాలో 1974-1986 మధ్య ఒక వ్యక్తి చేసిన నేరాలను పోలీసులు చాలాకాలం మూడు వేర్వేరు నేరస్థుల ఖాతాలో రాశారు. 1974-75లో విసేలియా పట్టణంలో వందకు పైగా ఇళ్లలో దొంగతనాలు, 1975 సెప్టెంబరులో ఒక అధ్యాపకుడి హత్య మొదటిది. 1976 జూన్ నుంచి శాక్రమెంటో తూర్పు ప్రాంతంలో మొదలై సుమారు యాభై మంది మహిళల మీద అత్యాచారాలు రెండోది. 1979 నుంచి దక్షిణాన గొలీటా, వెంచురా, ఆరెంజ్ కౌంటీలలో జంటలను ఇళ్లలోనే చంపిన హత్యలు మూడోది. మొత్తం హత్యలు 13.

నేరస్థుడి ప్రవర్తనలో పునరావృతమయ్యే అంశాలు చాలా ఉన్నాయి. ముందే ఇంటిని గమనించడం, ముసుగు, టార్చిలైటు, బాధితులను తాళ్లతో కట్టడం, మగవాడి వీపు మీద పళ్లేలు పేర్చి అవి కదిలితే చంపుతానని బెదిరించడం, విలువైన వాటి కన్నా వ్యక్తిగతమైన చిన్న వస్తువులు ఎత్తుకుపోవడం. తమ ఊరి నేరాలూ శాక్రమెంటో అత్యాచారాలూ ఒకడి పనేనని విసేలియా పోలీసులు 1970ల్లోనే వాదించారు. దేహ వర్ణన సరిపోలేదని శాక్రమెంటో అధికారులు ఒప్పుకోలేదు. ఉత్తరాది అత్యాచారాలకూ దక్షిణాది హత్యలకూ సంబంధం ఉందన్న అనుమానం కూడా అప్పుడే పుట్టి, జిల్లాల సరిహద్దుల దగ్గర ఆగిపోయింది. 2001లో డీఎన్‌ఏ ఆ రెండింటినీ కలిపింది. విసేలియా సంగతి 2018 అరెస్టు దాకా తేలలేదు. ప్రవర్తన మీద ఆధారపడిన వాదన ఈ కేసులో రెండుసార్లూ నిజమైంది, రెండుసార్లూ ఆలస్యంగా.

2016 జూన్‌లో ఎఫ్‌బీఐ 50,000 డాలర్ల బహుమతి ప్రకటిస్తూ ఇచ్చిన వర్ణనలో, నిందితుడికి సైనిక లేదా పోలీసు పద్ధతులతో పరిచయం ఉండవచ్చునని, ఇప్పుడతని వయసు 60-75 మధ్య ఉండవచ్చునని చెప్పింది. రెండూ తరవాత సరిపోయాయి. కాలిఫోర్నియాలో ఆ వర్ణనకు సరిపోయే మగవారు వేలల్లో ఉంటారన్నది వేరే సంగతి. అప్పటికే 'గోల్డెన్ స్టేట్ కిల్లర్' అన్న పేరును రచయిత్రి మిషెల్ మక్‌నమారా 2013లో ఒక పత్రికా వ్యాసంలో పెట్టింది. ఆమె పుస్తకం ఆమె మరణించాక 2018 ఫిబ్రవరిలో వచ్చింది.

దర్యాప్తును నడిపిన వారిలో కాంట్రా కోస్టా కౌంటీ అధికారి పాల్ హోల్స్ ముఖ్యుడు. 2017లో వై క్రోమోజోమ్ పోలికతో ఆరిగాన్‌లో ఒక వృద్ధుడి మీద అనుమానం మళ్లింది. డీఎన్‌ఏ తీసి చూస్తే అతను కాడని తేలింది. ఆ తరవాత 1980 నాటి వెంచురా హత్యలో సేకరించి ఉంచిన నమూనాను వంశవృక్ష పద్ధతికి ఇచ్చారు. వంశావళి నిపుణురాలు బార్బరా రే-వెంటర్ సాయంతో దూరపు బంధువుల నుంచి కుటుంబ వృక్షాలు అల్లుకుంటూ వచ్చారు. డీఎన్‌ఏ సూచించిన నీలి కళ్లు కూడా జాబితాను కుదించాయి. చివరికి మిగిలిన పేరు జోసెఫ్ జేమ్స్ డిఏంజెలో. వయసు 72. వియత్నాం యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశాడు. 1973-76లో ఎక్సెటర్‌లో, 1976-79లో ఆబర్న్‌లో పోలీసు. దుకాణంలో సుత్తి, కుక్కలను తరిమే మందు దొంగిలిస్తూ పట్టుబడి 1979లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అప్పటిదాకా అనుమానితుల జాబితాలో అతని పేరు లేదు.

పోలీసులు అతని కారు తలుపు పిడి మీద నుంచి, చెత్తబుట్టలోని టిష్యూ కాగితం మీద నుంచి డీఎన్‌ఏ తీసి సరిచూసి 2018 ఏప్రిల్ 24న అరెస్టు చేశారు. 2020 జూన్ 29న అతను 13 హత్యలు, 13 కిడ్నాప్‌లు చేసినట్టు ఒప్పుకున్నాడు. అత్యాచారాలకు అప్పటి చట్టం ప్రకారం గడువు తీరిపోయింది. అభియోగం మోపకుండానే వాటినీ ఒప్పుకోవాలన్నది మరణశిక్ష తప్పించిన ఒప్పందంలో భాగం. ఆగస్టు 21న పెరోల్ లేని యావజ్జీవం పడింది.

ప్రొఫైలింగ్ దారి తప్పిన కేసు: వింబుల్డన్ కామన్

1992 జులైలో లండన్‌లోని వింబుల్డన్ కామన్‌లో ఒక యువతిని ఆమె చిన్న కొడుకు కళ్లముందే చంపారు. పోలీసులు ఒక మనస్తత్వవేత్త చేత ప్రొఫైల్ రాయించి, దానికి సరిపోతాడనుకున్న స్థానికుడి మీద దృష్టి పెట్టారు. భౌతిక సాక్ష్యం లేదు. మారుపేరుతో ఒక పోలీసు అధికారిణి అతనికి నెలల తరబడి స్నేహం నటించి, ప్రొఫైల్‌లో రాసిన కోరికలు అతని నోటి నుంచి చెప్పించడానికి ప్రయత్నించింది. అతను హత్య చేశానని చెప్పలేదు. అయినా 1993లో అరెస్టు చేశారు. 1994లో న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని తోసిపుచ్చడంతో కేసు వీగిపోయింది.

ఆ వ్యక్తి మీద కేసు నడుస్తున్న కాలంలోనే, 1993 నవంబరులో, రాబర్ట్ నాపర్ అనేవాడు ఆగ్నేయ లండన్‌లో మరో తల్లినీ కూతురినీ చంపాడు. 2002లో మొదలైన పునర్విచారణలో పాత నమూనాలను మరింత సున్నితమైన పద్ధతిలో పరీక్షించగా నాపర్ డీఎన్‌ఏ దొరికింది. అప్పటికే మానసిక చికిత్సాలయంలో నిర్బంధంలో ఉన్న అతను 2008 డిసెంబరులో మతిస్థిమితం తగ్గిన స్థితిలో చేసిన హత్యగా నేరం ఒప్పుకున్నాడు. 1989లోనే అతని తల్లి కొడుకు ఒక అత్యాచారం చేశానన్నాడని పోలీసులకు చెప్పిందని, దాన్ని వదిలేశారని 2010 నాటి స్వతంత్ర విచారణ నివేదిక తప్పుబట్టింది. ప్రొఫైల్ కొంతవరకు నాపర్‌కు సరిపోయిందని తరవాత కొందరు వాదించారు. దర్యాప్తు చెడింది ప్రొఫైల్ వల్ల కన్నా, దాన్ని సాక్ష్యంలా వాడినందువల్ల.

జనం ఊహ, డీఎన్‌ఏ సూచన: ఫ్రీస్‌లాండ్

1999లో నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో పదహారేళ్ల బాలిక హత్య జరిగినప్పుడు ఊరివాళ్ల వేలు దగ్గర్లోని శరణార్థుల కేంద్రం వైపు చూపింది. డీఎన్‌ఏ మాత్రం పశ్చిమ ఐరోపా మూలాలను సూచించింది. బంధుత్వం ఆధారంగా వెతకడానికి 2012లో చట్టం అనుమతించాక, ఘటనా స్థలానికి 5 కిలోమీటర్ల లోపు నివసించిన 8,000 మందికి పైగా మగవారిని నమూనా ఇవ్వమని కోరారు. బంధువు దొరుకుతాడని ఆశిస్తే, హంతకుడే వచ్చి నమూనా ఇచ్చాడు. అతను సమీపంలోని రైతు. 2013లో 18 ఏళ్ల జైలు శిక్ష పడింది.

పరిమితులు, విమర్శలు

ప్రొఫైలర్ల అంచనాలు ఇతరుల అంచనాల కన్నా స్పష్టంగా మెరుగని నిరూపించే పరిశోధన బలహీనంగా ఉంది. ప్రొఫైల్‌లోని వాక్యాలు చాలావరకు ఎవరికైనా అన్వయించగలిగేవిగా ఉంటాయన్నది బ్రిటిష్ మనస్తత్వవేత్తల ప్రధాన విమర్శ. సరిపోయిన అంశాలు గుర్తుండిపోతాయి, సరిపోనివి మరుగున పడతాయి.

ఫోరెన్సిక్ పరీక్షలూ అన్నీ ఒక మెట్టు మీద లేవు. అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ 2009 నివేదిక డీఎన్‌ఏను మినహాయించి చాలా పోలిక పద్ధతులకు శాస్త్రీయ పునాది చాలదని తేల్చింది. పంటిగాట్ల పోలిక వాటిలో మరీ బలహీనం. డీఎన్‌ఏకు కలుషితమే ప్రధాన శత్రువు. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో పదుల కొద్దీ నేరస్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్‌ఏ దొరికి, 'హైల్‌బ్రాన్ ఫాంటమ్' పేరుతో పెద్ద వేట సాగింది. 2009లో తేలిందేమంటే, ఆ డీఎన్‌ఏ నమూనాలు తీసే దూదిపుల్లల తయారీలో పనిచేసిన మనిషిది.

వంశవృక్ష పద్ధతి మీద గోప్యత అభ్యంతరాలున్నాయి. ఒకరు తన డీఎన్‌ఏ నిధిలో పెడితే, అడగకుండానే వందలాది బంధువులు వెతుకులాటలోకి వస్తారు. డిఏంజెలో కేసులో వాడామని పోలీసులు మొదట చెప్పిన జీఈడీమ్యాచ్ అనే నిధితో పాటు ఇతర ప్రైవేటు సంస్థల నిధులను కూడా వాడారని 2020లో బయటపడింది. జీఈడీమ్యాచ్ 2019లో వినియోగదారులు విడిగా అనుమతిస్తే తప్ప పోలీసులకు వివరాలు చూపకుండా నియమం మార్చింది. అదే ఏడాది అమెరికా న్యాయశాఖ ఈ పద్ధతిని హత్య, అత్యాచారం వంటి తీవ్ర నేరాలకు, ఇతర దారులు మూసుకున్నాకే వాడాలని మార్గదర్శకాలిచ్చింది.

భారతదేశంలో

చూడండి: సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, భారతీయ సాక్ష్య అధినియం

భారతదేశంలో డీఎన్‌ఏ సాక్ష్యానికి పుట్టిల్లు హైదరాబాదు. అక్కడి పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ 1988లో చారల కట్లపాము డీఎన్‌ఏ నుంచి తీసిన ప్రోబ్‌తో స్వదేశీ పరీక్షను రూపొందించాడు. మరుసటి ఏడాది కేరళలోని ఒక పితృత్వ వివాదంలో అది కోర్టుకెక్కింది. 1995 నాటి ఢిల్లీ తందూరు హత్యలో కాలిన శవాన్ని గుర్తించడానికి కూడా ఇక్కడి పరీక్షే తోడ్పడింది. 1996లో ఏర్పడిన డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ, హైదరాబాదులోని కేంద్ర, రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలలు ఈ పనిని కొనసాగిస్తున్నాయి. నేరస్థలానికి వెళ్లి ఆనవాళ్లు సేకరించే 'క్లూస్ టీం' తెలుగు పత్రికల పాఠకులకు పరిచితమైన మాటే.

వేలిముద్రలు ఇవ్వమనడం తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించడం కాదని సుప్రీంకోర్టు 1961లో కాఠీ కాలూ ఓఘడ్ కేసులో స్పష్టం చేసింది. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, మెదడు తరంగాల పరీక్షలను వ్యక్తి సమ్మతి లేకుండా జరపరాదని 2010లో సెల్వి కేసులో తీర్పిచ్చింది. 2022 నాటి గుర్తింపు చట్టం వేలిముద్రలతో పాటు కనుపాప, జీవ నమూనాల సేకరణకు వీలిచ్చి, ఆ రికార్డులను 75 ఏళ్లు ఉంచవచ్చంది. అదే ఏడాది వచ్చిన నాఫిస్ వ్యవస్థ రాష్ట్రాల వేలిముద్రల రికార్డులను ఒక్కచోట వెతికే వీలు కల్పించింది. డీఎన్‌ఏకు అలాంటి జాతీయ నిధి ఏర్పడలేదు. 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్‌ఏ బిల్లును ప్రభుత్వం 2023 జులైలో వెనక్కి తీసుకుంది. అనుమానితుడు లేని పాత కేసులో నేరస్థలపు డీఎన్‌ఏను దేశవ్యాప్తంగా పోల్చే దారి అందువల్ల ఇంకా మూసే ఉంది.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని హాస్టల్‌లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య తెలుగు నేల మీద ఈ చర్చకు కేంద్రమైంది. కింది కోర్టు 2010లో శిక్షించిన యువకుణ్ణి హైకోర్టు 2017లో నిర్దోషిగా విడుదల చేసి పరిహారం ఇవ్వమంది. తరవాత హైకోర్టు ఆదేశంతో సీబీఐ కేసును చేపట్టి, 2019 డిసెంబరులో తెనాలిలో మృతదేహాన్ని వెలికితీయించి మళ్లీ పరీక్షలు జరిపించింది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆనవాళ్లు సేకరించాలని, ఆ పనిని వీడియో తీయాలని విధించింది. రాష్ట్రాలకు ఏర్పాట్ల కోసం అయిదేళ్ల దాకా గడువుంది. సేకరించిన వస్తువును కేసు తేలేదాకా ఎక్కడ, ఏ ఉష్ణోగ్రతలో, ఎవరి బాధ్యతలో ఉంచాలన్నది అంత వివరంగా రాసి లేదు.